సరిహద్దు దాటిన కప్పు: డౌన్ కౌంటీ ఫుట్‌బాలు జట్టు చరిత్ర

ఫుట్‌బాలు అనగానే మన విద్యార్థులకు పదునొకండుగురు ఆటకాండ్రును, చేయి తగిలిన తప్పు పట్టెడి రిఫరీయును జ్ఞప్తికి వత్తురు. ఐర్లండు దేశమున చేతులతోను కాళ్ళతోను ఆడెడి ఫుట్‌బాలు వేరొకటి కలదు. దానిని గేలిక్ ఫుట్‌బాలు అందురు. ఆ యాటను ఆడెడి ఒక కౌంటీ జట్టు కథను మేము ఈ వ్యాసమున చెప్పదలచితిమి. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఐర్లండు ద్వీపమున అట్టివి 32 కలవు. వానిలో డౌన్ ఒకటి. డౌన్ కంటె ఎక్కువ మారులు గెలిచిన జట్లు లేకపోలేదు. ఐనను దీనినే ఎన్నుకొంటిమి. కారణము ముందు ముందు చదువరులకే తెలియును.

మొదట పేరును గూర్చి ఒక మాట. డౌన్ అను మాటకు ఇంగ్లీషున 'క్రిందికి' అను అర్థము మనము చిన్న తరగతులలోనే నేర్చుకొంటిమి. ఈ కౌంటీ పేరునకు ఆ అర్థముతో సంబంధము లేదు. ఐరిష్ భాషలో 'దూన్' అనగా కోట. ఆ మాటయే ఇంగ్లీషువారి వ్రాతలో డౌన్ అయినది. మన దేశమున దుర్గము, కోట అను మాటలతో ముగియు ఊళ్ళ పేరులు ఎన్ని లేవు! ఒక భాషలోని ఊరి పేరు మరియొక భాషలోని రికార్డులకు ఎక్కినపుడు దాని అర్థము మరుగుపడుట ఐర్లండునకు మాత్రమే పరిమితమైన వింత కాదు. మన పాఠకులలో పలువురు తమ యూరి బస్సు పలకను చూచినచో ఇది తెలియును.

ఇక ఆట. ఒక్కొక్క జట్టునందు 15 మంది. బంతిని చేత పట్టవచ్చును, పిడికిలితో కొట్టి తోడివానికి అందింపవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేత బట్టుకొని నాలుగడుగులకు మించి పోరాదు. నాలుగడుగులైన పిమ్మట బంతిని నేలపై ఒకసారి ఎగురగొట్టవలెను. లేదా చేతినుండి కాలిపైకి విడిచి, కాలి వ్రేళ్ళతో మీటి, మరల చేతిలోనికి తెచ్చుకొనవలెను. పరుగెత్తుచునే ఈ పని చేయుట చూచువారికి సులభముగ తోచును. చేయబోయిన వానికి దాని కష్టము తెలియును. నేలమీది బంతిని తిన్నగా చేతితో ఎత్తరాదు. కాలి కొనను దాని క్రిందికి చొనిపి ఎత్తవలెను. మైదానమున కిరువైపుల చివరలందు రెండేసి పొడవైన గుంజలును, వాని నడుమ ఒక అడ్డపట్టెయు నుండును. బంతి పట్టె క్రిందుగా వలలో పడిన గోలు; దానికి 3 పాయింట్లు. పట్టెకు పైగా గుంజల నడుమ పోయిన 1 పాయింటు. ఫలితమును వ్రాయునపుడు గోలులను ముందును, పాయింట్లను వెనుకను వ్రాయుదురు. 2-10 అనగా రెండు గోలులు, పది పాయింట్లు, మొత్తము 16. ఈ లెక్కను విద్యార్థులు గుర్తుంచుకొనిన చాలును. 2025లో నియమములు మారి, దూరమునుండి పట్టెపైగా తన్నిన బంతికి 2 పాయింట్లిచ్చుట మొదలైనది గాని, మన కథలోని పోటీలన్నియు అంతకు ముందువి.

ఈ యాటను నడిపెడి సంస్థ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. 1884 నవంబరు 1వ తేదీన టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణమున ఒక హోటలులో కొద్దిమంది చేరి దీనిని స్థాపించిరి. వారిలో ముఖ్యుడు మైకేల్ క్యూసాక్ అను ఉపాధ్యాయుడు. అప్పటికి ఐర్లండు ఇంగ్లీషువారి ఏలుబడిలో నుండెను, దేశభాష క్షీణించుచుండెను, దేశీయమైన ఆటలును మూలబడుచుండెను. వానిని నిలుపుటకే ఆ సంస్థ పుట్టెను. 1887 నుండి కౌంటీల నడుమ అఖిల ఐర్లండు పోటీలు జరుగుచున్నవి.

ఇందు మనము గమనింపదగిన విశేషమొకటి కలదు. ఇంత పెద్ద పోటీలలో ఆడువారికి జీతము లేదు. ఆటకాడు తన యూరి క్లబ్బునకు ఆడును. అందు రాణించిన వానిని కౌంటీ జట్టునకు తీసికొందురు. డబ్బిచ్చి పొరుగు కౌంటీ ఆటకాని కొని తెచ్చుకొను పద్ధతి లేదు. ఆదివారము ఎనుబది వేల జనము ఎదుట ఆడిన వాడు సోమవారము పొలమునకో, పాఠశాలకో, కచేరికో పోవలసినదే. కావున జట్టు బలహీనమైన కౌంటీకి తన నేలను నమ్ముకొనుట తప్ప వేరు దారి లేదు.

డౌన్ వారి చిక్కును గ్రహించుటకు కొంత చరిత్ర తెలియవలెను. 1920 నవంబరు 21వ తేదీన డబ్లిన్ నగరమునందలి క్రోక్ పార్కు మైదానమున డబ్లిన్, టిప్పరరీ జట్లు ఆడుచుండగా బ్రిటిషు బలగములు లోనికి చొరబడి జనముపై కాల్పులు జరిపెను. 14 మంది మరణించిరి. వారిలో మైకేల్ హోగన్ అను టిప్పరరీ ఆటకాడును ఒకడు. మన జలియన్‌వాలాబాగు దారుణము జరిగి అప్పటికి పందొమ్మిది నెలలు. నాటినుండి క్రోక్ పార్కు ఐరిష్ వారికి ఒక మైదానము మాత్రమే కాదు. మరుసటి సంవత్సరము, 1921లో, దేశము రెండుగా విభజింపబడెను. ఉత్తరమున ఉన్న అల్స్టర్ రాష్ట్రమందలి తొమ్మిది కౌంటీలలో ఆరు బ్రిటిషు రాజ్యమునందే నిలిచెను. అవి ఆంట్రిమ్, ఆర్మా, డౌన్, ఫెర్మానా, డెర్రీ, టైరోన్. వీనికే ఉత్తర ఐర్లండని పేరు. మిగిలిన దేశము పిమ్మట స్వతంత్ర గణరాజ్యమయ్యెను.

దేశము విడిపోయెను గాని ఆట విడిపోలేదు. సంస్థ 32 కౌంటీల సంస్థగానే నిలిచెను. సరిహద్దునకు ఆవలనున్న డౌన్ జట్టు ఈవలనున్న కెర్రీ జట్టుతో, ఏ రాజ్యపు గీతయు లేనట్లే, ఒకే కప్పునకు పోటీపడుచుండెను. ఐతే తమ కౌంటీని ఏలెడి ప్రభుత్వమునకు ఈ యాట తనదిగా తోచలేదు. జాతీయవాదుల ఆట యని అనుమానముతోనే చూచుచుండెను. ఆటను తనదనుకొనెడి రాజ్యమో, సరిహద్దునకు ఆవల. రాష్ట్రముల ఎల్లల దగ్గర పెరిగిన మన విద్యార్థులకు ఈ స్థితిని మేము ఎక్కువగా వివరింప పనిలేదు. మన యెల్లలకడ తుపాకులు లేవను భేదము మాత్రము మరువరాదు.

డౌన్ కౌంటీ ఐర్లండునకు ఈశాన్యమున సముద్రతీరమున కలదు. దక్షిణమున మోర్న్ కొండలు. వానిలో స్లీవ్ డోనార్డ్ శిఖరము 850 మీటర్లు. ఉత్తర ఐర్లండులో అంతకు మించిన ఎత్తు లేదు. కౌంటీ యంతయు ఫుట్‌బాలు ఆడునని తలపరాదు. ఉత్తర భాగమున బెల్‌ఫాస్టు చాయలలో నున్నవారిలో అధికులు బ్రిటిషు పక్షపు ప్రొటెస్టంటులు. వారు గేలిక్ ఆటల వంక చూడరు. తూర్పున ఆర్డ్స్ అను భూనాసిక వారు గేలిక్ ఆటలు ఆడుదురు గాని, వారికి ప్రియమైనది కఱ్ఱతో ఆడెడి హర్లింగు. ఇక ఫుట్‌బాలునకు మిగిలినది దక్షిణమున న్యూరీ పట్టణము, కొండల చుట్టునున్న పల్లెలు, డౌన్‌పాట్రిక్ ప్రాంతము. అనగా డౌన్ జట్టు పేరునకు కౌంటీ జట్టే గాని, ఆటగాండ్రను ఏరుకొనుటకు సగము కౌంటీయే దానికి దక్కెను.

విభజన తరువాత నలుబది ఏండ్లవరకు ఉత్తర ఐర్లండునకు చెందిన ఏ కౌంటీయు అఖిల ఐర్లండు పోటీలో గెలువలేదు. అల్స్టర్ రాష్ట్రమునుండి గెలిచినది కావన్ ఒక్కటే; కావన్ సరిహద్దునకు దక్షిణపు వైపున నున్నది. ఆర్మా 1953లో తుదిపోటీకి చేరి కెర్రీ చేతిలో ఓడెను. ఆ పోటీలో ఒక పెనాల్టీ తన్ను గురితప్పెను. దానిని గూర్చి ఆర్మావారు ఏండ్ల తరబడి చెప్పుకొనిరి. డెర్రీ 1958లో డబ్లిన్ చేతిలో ఓడెను. "ఉత్తరము వారు బాగుగ ఆడుదురు గాని గెలువలేరు" అను మాట అందరి మనస్సులలో స్థిరపడెను. డౌన్ సంగతి చెప్పనే అక్కరలేదు. 1959 వరకు అది అల్స్టర్ రాష్ట్ర పోటీనైనను గెలిచి యెరుగదు.

ఇట్టి సమయమున కౌంటీ సంఘమునకు కార్యదర్శిగా వచ్చినవాడు మారిస్ హేస్. అతడు డౌన్‌పాట్రిక్ పట్టణ పాలక సంఘములో ఉద్యోగి. ఆటలోని భావోద్రేకమునకంటె పని పద్ధతికి ఎక్కువ విలువ నిచ్చెడివాడు. పదేండ్లలో అఖిల ఐర్లండు కప్పు గెలువవలెనని ఒక ప్రణాళికను సంఘము ముందుంచెను. ఒక్క అల్స్టర్ కప్పైనను లేని కౌంటీవారు ఇట్టి తీర్మానము చేయగా నవ్వినవారు లేకపోలేదని వేరుగ చెప్పవలెనా? ఐనను పని మొదలయ్యెను. అంతకు ముందు కౌంటీ జట్టును ఏర్పరచుట యనగా క్లబ్బుల ప్రతినిధులు కూర్చుండి తమ తమ యూరివానికై వాదులాడుకొనుట. ఆ పద్ధతి మారి, జట్టును ఎన్నుకొను బాధ్యత కొద్దిమంది చేతిలో నుంచబడెను. బార్నీ కార్ జట్టు నిర్వాహకుడయ్యెను. యువకులను ముందుగ గుర్తించి, ఒకరి నడకను మరియొకరు తెలిసికొనునంత కాలము కలిసి ఆడించిరి. మా అభిప్రాయమున డౌన్ వారి కథలో అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము ఇదియే. మైదానమున జరిగినది దీని ఫలము మాత్రమే.

ఫలము ఊహించిన దానికంటె త్వరగా వచ్చెను. 1958లో అల్స్టర్ తుదిపోటీకి చేరి డెర్రీ చేతిలో ఓడిరి. 1959లో కావన్‌ను ఓడించి తొలిసారిగా అల్స్టర్ విజేతలైరి. కాని తరువాతి మెట్టున గాల్వే వారు వారిని నిలిపివేసిరి. 1960లో మరల అల్స్టర్ గెలిచిరి. ఆ దినములలో ఒకసారి ఓడిన జట్టునకు ఆ యేడాదికి మరి యవకాశము లేదు. సెమీఫైనలునందు ఆఫలీ కౌంటీతో ఆట సమానముగ ముగిసెను. మరల ఆడవలసి వచ్చెను. రెండవమారు డౌన్ గెలిచెను. తుదిపోటీలో ఎదురు నిలిచినది కెర్రీ.

కెర్రీ యన నెవరు? 2025 నాటికి 39 మారులు అఖిల ఐర్లండు విజేత. 1960 నాటికే ఆ యాటకు పుట్టినిల్లని పేరొందినది. వారి ఆట తీరు సరళమైనది, ఘనమైనది: ఎత్తునకు ఎగిరి బంతిని రెండు చేతుల పట్టుకొనుట, దూరముగ తన్నుట. మైదానము నడుమ వాలెన్షియా ద్వీపవాసి మిక్ ఓకానెల్ నిలిచెనా, గాలిలోని బంతి అతనిదే. ఈ ఆటను ఈ ఆటతోనే గెలుచుట కష్టమని డౌన్ వారు ముందే తలపోసిరి. బంతిని తాము పట్టలేనిచో ఎదిరిని పట్టనీయకుండ తట్టి నేలకు దింపవలెను. నేలకు దిగిన బంతిని వేగముగ అందుకొనవలెను. ముందు వరుసలోని ఆరుగురు తమ తమ స్థానములలో గుంజలవలె నిలిచియుండక, చోటులు మార్చుకొనుచు తిరుగవలెను. కావలి కాచువాడు తాను కాచవలసిన మనిషి ఎక్కడనున్నాడో వెదకుకొనవలెను. షాన్ ఓనీల్, జేమ్స్ మెకార్టన్, పాడీ డోహర్టీ అను ముగ్గురును ఈ విద్యలో ఆరితేరిరి.

1960 సెప్టెంబరు 25వ తేదీన క్రోక్ పార్కున 87,768 మంది ప్రేక్షకులు చేరిరి. ఎరుపు చొక్కాలతో డౌన్, ఆకుపచ్చ పసుపు చొక్కాలతో కెర్రీ. రెండవ సగము వరకు ఆట నువ్వా నేనా యనునట్లు సాగెను. అప్పుడు మెకార్టన్ దూరము నుండి గోలు వైపునకు ఎత్తుగా ఒక తన్ను తన్నెను. కెర్రీ గోలుకీపరు చేతులలోనికి వచ్చిన బంతి జారి వలలో పడెను. అనతికాలముననే డోహర్టీకి పెనాల్టీ దొరికెను. ఆర్మావారి 1953 నాటి పెనాల్టీ ఎందరికి జ్ఞప్తికి వచ్చెనో! డోహర్టీ గురి తప్పలేదు. డౌన్ 2-10, కెర్రీ 0-8. మన లెక్క ప్రకారము 16కు 8, సరిగ్గా రెట్టింపు. మొదటి గోలు అదృష్టమే గదా యని కొందరు అనవచ్చును. నిజమే, ఆ చేతులు జారకున్నచో ఏమగునో ఎవరు చెప్పగలరు? కాని కెర్రీ వారు ఆ గంటసేపు గోలే చేయలేకపోవుటకును, ఎనిమిది పాయింట్లకే పరిమితమగుటకును అదృష్టము కారణము కాదు.

విజేతల కిచ్చు కప్పును సామ్ మాగ్వైర్ కప్పు అందురు. 1928 నుండి దీనిని ఇచ్చుచున్నారు. ఐర్లండున దొరకిన ఆర్డా పాత్రయను ప్రాచీనమైన వెండి పాత్ర రూపమున దీనిని చేయించిరి. సామ్ మాగ్వైర్ కార్క్ కౌంటీవాడు, ప్రొటెస్టంటు, లండనులో తపాలా ఉద్యోగి, ఐరిష్ స్వాతంత్ర్యమునకై పనిచేసినవాడు. కథోలికులు అత్యధికులుగా నున్న సంస్థలో పెద్ద కప్పునకు ప్రొటెస్టంటు పేరుండుట మరువరాని సంగతి. డౌన్ నాయకుడు కెవిన్ ముసెన్ ఆ కప్పును అందుకొనెను. అంతవరకు ఉత్తర ఐర్లండు గడ్డను ఎరుగని కప్పు తొలిసారిగా సరిహద్దు దాటి న్యూరీ దారి పట్టెను. నాడు ఆ దారిన సుంకపు కావలి యుండెను. వెన్న, సిగరెట్లు దొంగచాటుగ దాటింపకుండ తనిఖీ చేసెడివారు. కప్పునకు సుంకమెవరు అడుగుదురు!

మరుసటి యేడు ఇది గాలివాటు గెలుపు కాదని తేలెను. 1961లో సెమీఫైనలునందు కెర్రీనే మరల ఓడించి, తుదిపోటీలో ఆఫలీని 3-6కు 2-8గా, అనగా ఒక్క పాయింటుతో, గెలిచిరి. ఆనాడు వచ్చిన ప్రేక్షకులు 90,556 మంది. ఐర్లండున ఏ ఆటకును అంతమంది ఒక మైదానమున చేరుట అంతకు ముందు లేదు. పిమ్మట మైదానమున కుర్చీలు వేసి చోటు తగ్గించుటచేత ఆ లెక్క నేటికిని చెదరలేదు.

ఈ జట్టులో జో లెనన్ అను ఒకనిని గూర్చి మన పాఠశాల పత్రికలో ప్రత్యేకముగ వ్రాయవలసియున్నది. అతడు ఉపాధ్యాయుడు. ఆట వంశపారంపర్యముగ వచ్చునదేగాని నేర్పిన వచ్చునది కాదని పలువురు నమ్ముచుండిన దినములలో, బంతిని పట్టుట, తన్నుట, అందించుట మొదలగు వానిని ఒక్కొక్కటిగ విడదీసి, పాఠమువలె నేర్పవచ్చునని అతడు వాదించెను. 1964లో గేలిక్ ఫుట్‌బాలు శిక్షణను గూర్చి ఒక పుస్తకము వెలువరించెను. మీత్ కౌంటీలోని గోర్మన్‌స్టన్‌లో శిక్షకులకు తరగతులు నడిపెను. డౌన్ రహస్యమును డౌన్‌లోనే దాచుకొనక తక్కిన కౌంటీల వారికిని బోధించెను. తన జట్టు ప్రత్యర్థులకు తానే పాఠము చెప్పుట తెలివియా యని ఎవరైన అడుగవచ్చును. ఉపాధ్యాయుని స్వభావము అట్టిది; పాఠము చెప్పకుండ నుండలేడు.

1968లో డౌన్ నాయకుడు ఆ లెననే. తుదిపోటీలో మరల కెర్రీ. షాన్ ఓనీల్ తొలి నిమిషములలోనే గోలుగుంజకు తగిలి వెనుకకు వచ్చిన బంతిని, అది నేలకు స్థిరపడకముందే, కాలి కొనతో వలలోనికి నెట్టెను. ఫలితము 2-12కు 1-13. ఎనిమిదేండ్లలో మూడు విజయములు. మూడేండ్లును కెర్రీపై గెలుపే. 1999లో సంస్థవారు అన్ని కాలముల ఆటకాండ్రనుండి 15 మందిని ఏరి ప్రకటించిన జట్టులో షాన్ ఓనీల్‌కు చోటు దొరకెను.

ఆ తరువాత ఉత్తర ఐర్లండు అగ్నిగుండమయ్యెను. 1969 ప్రాంతమున చెలరేగిన కలహములు ముప్పది యేండ్లు సాగి 3,500 మందికి పైగా ప్రాణములు తీసెను. సాయంకాలము అభ్యాసమునకు పోవు ఆటకానిని దారిలో సైనికులు ఆపి తనిఖీ చేయుట సామాన్యమయ్యెను. డౌన్ 1971, 1978, 1981లలో అల్స్టర్ గెలిచెను గాని పెద్ద కప్పు దరిదాపులకు పోలేదు. ఉత్తరపు కౌంటీలు వేనికిని ఆ యేండ్లలో అది దక్కలేదు. ఈ భాగమున ఆటను గూర్చి చెప్పదగినది స్వల్పము. ఆట నిలిచియుండుటయే చాలు ననిపించిన కాలమది.

1991లో మరల తలుపు తెరచుకొనెను. ఈసారి జట్టును నడిపినవాడును ఉపాధ్యాయుడే. న్యూరీ సెయింట్ కోల్మన్స్ కళాశాలకు చెందిన పీట్ మెగ్రా. ఆ విద్యాలయము పాఠశాలల ఫుట్‌బాలునకు పేరుపొందినది. అచ్చట బాలురుగా ఆడినవారిలో కొందరు పెద్దవారై కౌంటీ జట్టునకు చేరిరి. వారిలో ఒకడు జేమ్స్ మెకార్టన్. 1960 నాటి మెకార్టన్ కుమారుడు, తండ్రి పేరే కొడుకునకు. సెమీఫైనలునందు ఎప్పటివలె కెర్రీని గెలిచిరి. తుదిపోటీలో మీత్ జట్టుపై ఒక దశలో 11 పాయింట్లు ముందుకు పోయి, పిమ్మట ఆ ముందంజ కరిగిపోవుచుండగా ఊపిరి బిగబట్టి 1-16కు 1-14గా బయటపడిరి. నాయకుడు పాడీ ఓరూర్క్ కప్పును ఎత్తెను. 23 ఏండ్ల తరువాత అది ఉత్తరమునకు పోయెను.

ఒక జట్టు తెరచిన దారిన ఇతరులును నడచిరి. 1992లో డోనిగల్, 1993లో డెర్రీ, 1994లో మరల డౌన్. నాలుగేండ్లు వరుసగ కప్పు అల్స్టర్ వారిదే. 1994 గెలుపునకు ముందు డౌన్ మొదటి పోటీలోనే డెర్రీ విజేతలను వారి మైదానముననే ఓడింపవలసి వచ్చెను. తుదిపోటీ సెప్టెంబరు 18న. అంతకు పద్దెనిమిది దినములకు ముందు, ఆగస్టు 31న, ఐరిష్ రిపబ్లికన్ సైన్యము కాల్పుల విరమణ ప్రకటించెను. వానలో జరిగిన ఆటలో డబ్లిన్ వారికి చివరి భాగమున పెనాల్టీ దొరకగా డౌన్ గోలుకీపరు నీల్ కాలిన్స్ దానిని ఆపెను. డౌన్ 1-12, డబ్లిన్ 0-13. విద్యార్థులు తేడాను లెక్కగట్టవచ్చును. నాయకుడు డి. జె. కేన్. తుదిపోటీకి చేరిన ఐదుమారులును డౌన్ గెలిచెను, ఓటమి యెరుగదు.

మైదానము వెలుపల జరిగినదానిని గూడ చెప్పవలెను. గేలిక్ సంస్థ రెండు నిషేధములను చిరకాలము పాటించెను. సాకరు, రగ్బీ, క్రికెట్టు వంటి పరదేశపు ఆటలు ఆడినవానికి గేలిక్ ఆటలలో చోటు లేదనునది ఒకటి. అది 1971లో పోయెను. బ్రిటిషు సైన్యమునకు, ఉత్తర ఐర్లండు పోలీసునకు చెందినవారు సభ్యులు కారాదనునది రెండవది. మన ప్రణాళికా కర్త మారిస్ హేస్ కాలక్రమమున ఉత్తర ఐర్లండులో ప్రజల ఫిర్యాదులను విచారించు ఉన్నతాధికారియై, పిదప డబ్లిన్‌లోని సెనేటులో సభ్యుడై, సరిహద్దున కిరువైపుల గౌరవము పొందెను. 1998 శాంతి ఒప్పందము తరువాత పోలీసు వ్యవస్థను సంస్కరించుటకు ఏర్పడిన పాటెన్ సంఘమున అతడును ఒకడు. పోలీసులపై నిషేధమును తొలగింపుమని ఆ సంఘము గేలిక్ సంస్థను కోరెను. 2001 నవంబరులో తొలగించిరి. ఆ సందర్భమున ఉత్తర ఐర్లండులోని ఆరు కౌంటీలలో ఐదు వ్యతిరేకముగ ఓటు వేసెను. తొలగింపునకు అనుకూలముగ ఓటు వేసినది డౌన్ ఒక్కటే. ఐదు కప్పుల పట్టికలో ఈ ఓటు కనబడదు. మేము మాత్రము దీనిని వానితో పాటు లెక్కింతుము. తమవారిలో ఎందరో పోలీసుల చేతిలో పడిన పాట్లు మరువనివారు ఆ మాట అనుట తేలిక కాదు. వ్యతిరేకించిన ఐదు కౌంటీల వారిని నిందించుటయు మా ఉద్దేశము కాదు.

అటుపిమ్మటి కథ వేరు. నియమములు మారి, రాష్ట్ర పోటీలో ఓడిన జట్టునకును మరియొక దారి ఏర్పడెను. దానిని జనము వెనుకవాకిలి యని పిలుతురు. 2010లో డౌన్ టైరోన్ చేతిలో ఓడి, ఆ వెనుకవాకిలిని పట్టి, దారిలో కెర్రీని ఐదవమారు ఓడించి, తుదిపోటీకి చేరెను. నిర్వాహకుడు చిన్న మెకార్టన్. ఎదుట కార్క్. ఫలితము 0-16కు 0-15. ఒక్క పాయింటుతో కార్క్ గెలిచెను. డౌన్ తుదిపోటీలో ఓడుట అదియే ప్రథమము. 1961లో ఒక్క పాయింటు తమ వైపు నిలిచినది, 2010లో ఎదుటివైపు నిలిచినది.

1994 తరువాత డౌన్ అల్స్టర్ రాష్ట్ర పోటీని గెలువలేదు. అప్పటికి 12 మారులు గెలిచిన జట్టు అది. పొరుగువారు మాత్రము ముందుకు పోయిరి. 2002లో ఆర్మా, 2003, 2005, 2008, 2021లలో టైరోన్ పెద్ద కప్పును గెలిచెను. 2003 తుదిపోటీలో రెండువైపుల నిలిచినవియు ఉత్తరపు జట్లే, టైరోన్, ఆర్మా. "గెలువలేరు" అనెడి మాట ఎవరికిని జ్ఞప్తిలో లేదు.

బలహీన జట్లకై 2022 నుండి టాల్ట్యాన్ కప్పు అను రెండవ శ్రేణి పోటీ పెట్టిరి. ఒకనాడు కెర్రీని గడగడలాడించిన డౌన్ అందులో ఆడవలసి వచ్చుటను చూచి వృద్ధులైన అభిమానులు నొచ్చుకొని యుందురు. 2023లో దాని తుదిపోటీలో మీత్ చేతిలో ఓడిరి. 2024 జూలై 13వ తేదీన క్రోక్ పార్కున లీష్ కౌంటీని ఓడించి గెలిచిరి. ఆ చిన్న కప్పును తీసికొని వారు పోయిన న్యూరీ దారిలో నేడు సుంకపు కావలి లేదు, సైనికుల బురుజు లేదు. వేగపు పలకలమీద కిలోమీటర్లు మైళ్ళుగ మారుటను బట్టి సరిహద్దు దాటితిమని తెలిసికొనవలెను. రెండు వారములు గడచిన పిమ్మట, జూలై 28న, పొరుగునున్న ఆర్మా వారు గాల్వేను 1-11కు 0-13గా ఓడించి పెద్ద కప్పును సరిహద్దు దాటించిరి.